ఆ ఫారంలో నిజం రాయండి

సంపాదకులకు,

నమస్కారం. సెలవులు దగ్గరపడితే చర్చిల్లో క్యాంపు ఫారాలు చేతులు మారడం మొదలవుతుంది. మా యూత్ నుంచి ఈసారి పదకొండు మంది పిల్లలు వారం రోజుల తెరచాప పడవల క్యాంపుకి వెళ్తున్నారు. పగలంతా నీళ్ళ మీద, సాయంత్రం వాక్యం, పాటలు, రాత్రికి డార్మిటరీలో పడక. తొమ్మిదేళ్ళుగా ఈ పిల్లల్ని తయారుచేసి పంపే పని నాది. మూడుసార్లు వాళ్ళకి తోడుగా కూడా వెళ్ళాను. ఇలాంటి క్యాంపులకి పిల్లల్ని పంపే తల్లిదండ్రులు మీ పాఠకుల్లో చాలామంది ఉంటారని ఈ ఉత్తరం రాస్తున్నాను. నేను చేసిన తప్పుతోనే మొదలుపెడతాను.

నాలుగేళ్ళ క్రితం ఒక తల్లి ఫారం పట్టుకొని మా ఇంటికొచ్చింది. అందులో ఒక గడి ఉంది, మీ అబ్బాయికి ఈత వచ్చా అని. "రాదని రాస్తే తీసుకోరేమో కదా అక్కా?" అంది. వాడు క్యాంపు క్యాంపు అని రెండు నెలలుగా కలవరిస్తున్నాడు. "వచ్చనే రాసేయమ్మా, ఎలాగూ అక్కడ నేర్పిస్తారు" అన్నాను. పెన్ను కూడా నేనే ఇచ్చాను.

మొదటి రోజే పడవ ఎక్కకముందు పిల్లలందర్నీ లైఫ్ జాకెట్లతో నీళ్ళలోకి దింపి, కాస్త దూరం వెళ్ళి రమ్మంటారు. ఈత వచ్చని రాసిన వాళ్ళది ఒక గుంపు, రాదని రాసిన వాళ్ళది ఇంకో గుంపు. వీడు మొదటి గుంపులో నిలబడ్డాడు. దూకాడు, పైకి తేలాడు, కానీ ఊపిరి అందలేదు. జాకెట్ వాణ్ణి మోస్తూనే ఉంది, వాడికి ఆ సంగతి తెలియడంలేదు. చెక్కవంతెన అంచు పట్టుకున్నాడు. ఇద్దరం కలిసి లాగినా ఆ వేళ్ళు విడలేదు. గోళ్ళు తెల్లగా పాలిపోయి, చూపుడువేలికి చెక్క పేడు గుచ్చుకొని ఉంది. ప్రమాదమేమీ జరగలేదు. కానీ తర్వాత రెండు రోజులు వాడు పడవ దగ్గరికి రాలేదు. మిగతా పిల్లలు నీళ్ళ మీద ఉంటే, ఒడ్డున కూర్చొని తడిసిన తాళ్ళు చుట్టేవాడు. "ఆంటీ, అందరికీ తెలిసిపోయింది కదా" అన్నాడు నాతో. వాడికి ఈత రాదన్న విషయం గురించి కాదు ఆ మాట. అబద్ధం రాశామన్న విషయం గురించి.

ఆ రెండో గుంపుని నేను ఆరోజు శ్రద్ధగా చూశాను. ఈత రానివాళ్ళకి వేరే జాకెట్లు ఇచ్చారు. ఈ తేడా మనలో చాలామందికి తెలియదు. పడవల దగ్గర మామూలుగా ఇచ్చే పల్చటి జాకెట్ తేలే శక్తి 50 న్యూటన్లు. అది ఈత వచ్చిన వాళ్ళకి, పక్కనే సాయం ఉన్నచోట వాడేందుకు. 100, 150 న్యూటన్లవి వేరు. వాటికి మెడ వెనక దిండులాంటి భాగం ఉంటుంది, మనిషిని వెల్లకిలా తిప్పి ముఖం నీటిపైన ఉండేలా చూస్తాయి. ఆ గుంపులో పడవకో శిక్షకుడు ఎక్కాడు. మూడో రోజుకి వాళ్ళలో ఒకమ్మాయి చుక్కాని పట్టింది. నిజం రాసిన పిల్లలకి దక్కినదంతా మావాడికి దక్కకుండా చేసింది ఆ ఒక్క గడి.

కొంతమంది పెద్దలు నాతో అంటుంటారు, గాలినీ సముద్రాన్నీ గద్దించిన ప్రభువు ఉండగా ఈ ఈత ప్రాక్టీసులు, టెన్షన్లు ఎందుకమ్మా అని. వాళ్ళ విశ్వాసం మీద నాకు గౌరవం ఉంది. కానీ అపొస్తలుల కార్యాలు 27వ అధ్యాయం మళ్ళీ ఒకసారి చదవమంటాను. పౌలు ఖైదీగా వెళ్తున్న ఓడలో 276 మంది ఉన్నారు. ఒక్కరి ప్రాణానికీ హాని రాదని దేవదూత ముందే చెప్పాడు. అయినా ఓడ బద్దలైనప్పుడు శతాధిపతి ఏం చేశాడు? ఈత వచ్చినవాళ్ళని ముందు దూకి ఒడ్డుకి వెళ్ళమన్నాడు, మిగతావాళ్ళని పలకల మీద, ఓడ చెక్కల మీద రమ్మన్నాడు. అందరూ దరిచేరారు. ఎవరికి ఈత వచ్చు, ఎవరికి రాదు అన్న లెక్క అంత తుఫానులోనూ తీశారు. పలక పట్టుకొని వచ్చినవాణ్ణి ఎవరూ తక్కువ చేయలేదు. ఆ వాగ్దానం నెరవేరిన తీరులో ఆ పలకలకీ చోటుంది.

అప్పటినుంచి మేము ఆరు వారాల ముందే మొదలుపెడుతున్నాం. స్విమ్మింగ్ పూల్‌లో శిక్షకుణ్ణి పక్కన పెట్టుకొని, ముందు ఈత కాదు, వెల్లకిలా తేలడం నేర్పిస్తాం. ఒంటిమీద బట్టలతో, లైఫ్ జాకెట్‌తో. చల్లటి నీళ్ళలో హఠాత్తుగా పడితే ఊపిరి ఎగబీలుస్తుంది. ఆ మొదటి నిమిషం, నిమిషంన్నర ఈదడానికి ప్రయత్నించకుండా, తల వెనక్కి వాల్చి తేలుతూ ఉంటే ఊపిరి దానంతటదే దారికొస్తుంది. ఈత వచ్చని రాసిన ఆ అబ్బాయికి ఆరోజు తెలియాల్సింది అదొక్కటే.

జాకెట్ సైజు గురించి తల్లిదండ్రులతో నాకు ప్రతి ఏడాదీ వాదన అవుతుంది. వచ్చే ఏడాదికీ పనికొస్తుందని పెద్దది కొంటారు, లేదా అన్నయ్యది తమ్ముడికి వేస్తారు. యూనిఫాం విషయంలో అది సరే, ఇక్కడ వద్దు. జాకెట్ తొడిగి, బకిల్స్ అన్నీ పెట్టి, పట్టీలు బిగించి, భుజాల దగ్గర రెండు చేతులతో పట్టుకొని పైకి లాగండి. జాకెట్ గడ్డం దాటి చెవులదాకా వచ్చిందంటే నీళ్ళలోనూ అదే జరుగుతుంది, పిల్లాడు కిందికీ జాకెట్ పైకీ. చిన్నపిల్లలకైతే కాళ్ళ మధ్యనుంచి వచ్చే పట్టీ తప్పనిసరిగా ఉండాలి.

చిన్న పడవ బోల్తా పడటం మామూలు విషయం. క్యాంపుల్లో కావాలనే పడేయించి నేర్పిస్తారు. ఇంట్లోవాళ్ళకి ఇది ముందే తెలిస్తే ఫోన్లో విని కంగారుపడరు. పిల్లలకి మేము నేర్పే మొదటి మాట, పడవని వదలొద్దు అని. ఒడ్డు దగ్గరే కదా అని ఈదుకుంటూ బయల్దేరకూడదు. ఆ పడవల్లో గాలి అరలు ఉంటాయి కాబట్టి తలకిందులైనా తేలుతూనే ఉంటాయి, వెతికేవాళ్ళకి పిల్లాడి తలకన్నా పడవ ముందు కనిపిస్తుంది. తర్వాత చుట్టూ తిరిగి అడుగువైపుకి వెళ్తారు. పడవ మధ్యలోంచి నీళ్ళలోకి దిగే పలక ఒకటుంటుంది, డాగర్‌బోర్డ్ అంటారు. దానిమీద బరువు వేసి వెనక్కి వాలితే తెరచాప నీళ్ళు కారుస్తూ మెల్లగా లేస్తుంది.

పిల్లలు నిజంగా భయపడేది తెరచాప కింద చిక్కుకుపోతామేమోనని. దానికి మేము చర్చి హాల్లో ఒక పెద్ద దుప్పటి పరుస్తాం. ఒక్కొక్కర్నీ దానికింద పడుకోబెట్టి కళ్ళు మూసుకోమంటాం. చేయి నిటారుగా పైకెత్తాలి, దుప్పటి గుడారంలా లేస్తుంది. నీళ్ళలోనైతే ఆ ఖాళీలో గాలి నిలుస్తుంది, ఊపిరి పీల్చుకోవచ్చు. తర్వాత చేతికి తగిలిన కుట్టు పట్టుకొని, దారి మార్చకుండా ఒకేవైపు జరుగుతూ అంచుకి రావాలి. పోయినేడు పన్నెండేళ్ళ అమ్మాయి ఒకతె మొదటిసారి గుండ్రంగా తిరిగి, ఏడుపు గొంతుతో పిలిచింది. నాలుగోసారికి పది అంకెలు లెక్కపెట్టేలోపు బయటికొచ్చింది. జుట్టంతా చెదిరిపోయి, "మళ్ళీ వెళ్తాను ఆంటీ" అంది. ఆ దుప్పటి ఇప్పుడు సండే స్కూల్ బీరువాలోనే ఉంటుంది.

బట్టల గురించి రెండు మాటలు. జీన్స్ వద్దు, తడిస్తే బరువు, ఆరదు. కాటన్ మన ఒంటికి హాయే కానీ నీళ్ళ మీద చలి పట్టిస్తుంది. గాలిలోకన్నా నీళ్ళలో ఒంటి వేడి దాదాపు 25 రెట్లు వేగంగా పోతుంది, తడిసిన కాటన్ ఆ తడిని ఒంటికి అంటిపెట్టి ఉంచుతుంది. త్వరగా ఆరే స్పోర్ట్స్ బట్టలు, పైన గాలి ఆపే జాకెట్ చాలు. నీళ్ళలో వేసుకోవడానికి వేళ్ళు కప్పే పాత బూట్లు వేరుగా పెట్టండి. కళ్ళజోడుకి తాడు కట్టండి. మబ్బుగా ఉన్నా సన్‌స్క్రీన్ రెండు గంటలకోసారి రాయాలి, నీటి మీదనుంచి వెలుతురు ముఖానికి తిరిగి కొడుతుంది. బైబిల్ మాత్రం ఫోన్లో ఉందిలే అనుకోకండి. చిన్న పుస్తకం ఒకటి జిప్ కవర్లో పెట్టి పంపండి.

ఆ బైబిల్లో మార్కు 4వ అధ్యాయం మేము ముందే చదివిస్తాం. తుఫానులో యేసు దోనె అమరంలో తలగడ మీద నిద్రపోతున్నాడని ఉంటుంది. అమరం అంటే ఏంటో మా పిల్లల్లో ఎవరికీ తెలియదు, వినేసి ఊరుకునేవాళ్ళు. క్యాంపు నుంచి వచ్చాక ఒకడు లేచి చెప్పాడు: "అది పడవ వెనక భాగం, చుక్కాని ఉండే చోటు." బోల్తా పడ్డాక మళ్ళీ పడవలోకి ఎక్కింది అటువైపునుంచేనట. చిన్నప్పటినుంచి విన్న వాక్యంలో ఒక్క మాట వాడికి అలా సొంతమైంది. పిల్లల్ని ఈ క్యాంపులకి పంపాలని నేను ఇంత పట్టుబట్టేది అందుకే.

ఈత గడి లాగే ఆరోగ్యం గడులు కూడా. ఉబ్బసం ఉంటే రాయండి, ఇన్‌హేలర్ రెండు పంపండి, ఒకటి శిక్షకుడి దగ్గర ఉండాలి. ఫిట్స్ ఎప్పుడో చిన్నప్పుడు వచ్చాయి, ఇప్పుడు లేవు అనుకున్నా రాయండి. నీటి మీద అది చిన్న విషయం కాదు. రాత్రి పక్క తడిపే అలవాటు ఉంటే సిగ్గుపడి దాచకండి, ఒక్క పెద్దమనిషికి తెలిస్తే మిగతా పిల్లలకి తెలియకుండా చూసుకుంటారు. ఆడపిల్లలకి ఆ వారంలో నెలసరి వస్తే ఎవరికి చెప్పాలో, నీళ్ళలోకి దిగాలా వద్దా అనేది తనే ఎలా నిర్ణయించుకోవాలో తల్లి ముందే కూర్చోబెట్టి మాట్లాడాలి. ఒకమ్మాయి మూడు రోజులు తలనొప్పి అని చెప్పి గదిలోనే ఉండిపోవడం నేను చూశాను.

ఇంకో మాట నిర్వాహకుల గురించి. దేవుని పని కదా అని మనం ప్రశ్నలు అడగడానికి మొహమాటపడతాం. అడగండి. నీళ్ళ మీద సేఫ్టీ బోట్లు ఎన్ని, శిక్షకులకి శిక్షణ సర్టిఫికెట్లు ఉన్నాయా, గాలి ఎంత దాటితే కొత్తవాళ్ళని దింపరు? గాలి జోరుని నంబర్లలో చెప్పే బ్యూఫర్ట్ స్కేలులో 3వ నంబరు గాలి వరకూ పిల్లలకి హాయిగా ఉంటుంది. 4వ నంబరంటే 11 నుంచి 16 నాట్లు, గంటకి సుమారు 20 నుంచి 30 కిలోమీటర్లు. కొత్తగా నేర్చుకునే పిల్లల చేతుల్లో తెరచాప తాడు నిలవదు. డార్మిటరీల దగ్గర ఎవరుంటారు, ఏ పిల్లా పిల్లాడూ ఒక్క పెద్దమనిషితో ఒంటరిగా ఉండకుండా నియమం ఉందా అన్నది కూడా అడగండి. మంచి క్యాంపు నడిపేవాళ్ళు ఈ ప్రశ్నలకి నొచ్చుకోరు, జవాబులు రాసిపెట్టుకొని ఉంటారు.

రెండో రోజు రాత్రి ఫోన్ వస్తుంది, ఇంటికి వచ్చేస్తానని. దాదాపు అందరు పిల్లలూ చేస్తారు. "వచ్చి తీసుకెళ్తాలే నాన్నా" అని మాత్రం అనకండి, ఇక మిగతా రోజులు వాడు గేటు వైపే చూస్తాడు. ఏం తిన్నావు, ఇవాళ ఏ ముడి వేశావు అని అడగండి.

ఆ అబ్బాయి సంగతి చెప్పలేదు కదా. నాలుగో రోజు ఒక శిక్షకురాలు వాడి పక్కన కూర్చొని, వాడు చుట్టిన తాళ్ళ కొసలకి ఎనిమిది అంకె ఆకారంలో ముడి వేయించింది. తాడు కప్పీలోంచి జారిపోకుండా ఆపే ముడి అది. తర్వాత 100 న్యూటన్ల జాకెట్ తొడిగి తన పడవలోనే ఎక్కించుకుంది. క్యాంపు నుంచి రాగానే వాడి తల్లిని, వాణ్ణి కూర్చోబెట్టి ఆ గడి నింపించింది నేనేనని ఒప్పుకున్నాను, క్షమించమన్నాను. ఆ చలికాలమంతా వాడు ఈత నేర్చుకున్నాడు. ఇప్పుడు పదిహేడేళ్ళు. శనివారాలు హాలుకొచ్చి చిన్నవాళ్ళ జాకెట్లు భుజాల దగ్గర పట్టుకొని లాగి చూసేది వాడే.

మా దగ్గర ఫారాలు ఇవ్వడానికి ఈ నెలాఖరు వరకూ గడువుంది, చాలా చోట్ల ఇదే సమయం. ఆలోపు ఈ ఉత్తరం అచ్చువేయగలిగితే సంతోషిస్తాను.

ఇట్లు,
ఒక చర్చి యూత్ బాధ్యురాలు