వంశవృక్షం, రక్తం శాంపిల్: ఇళ్లకు వెళ్లేవాళ్లకి
అందరికీ నమస్తే. రొమ్ము, అండాశయ క్యాన్సర్ కుటుంబంలో వంశపారంపర్యంగా వస్తోందా అని చూడటానికి రేపు విశాఖలో గాజువాక, అగనంపూడి వైపు వెళ్లేవాళ్లు ఇది చదివి బయల్దేరండి.

ఎక్కువ తప్పులు వరసల దగ్గరే. “మా అత్తకి రొమ్ము క్యాన్సర్” అంటే మేనత్తా, మేనమామ భార్యా అని అడగాలి. మేనత్తది రక్తసంబంధం. రెండో ఆమె, మేనరికమైతే తప్ప, లెక్కలోకి రారు. పెద్దమ్మ, పిన్ని అన్నా అమ్మ తోబుట్టువా, నాన్న అన్నదమ్ముల భార్యా అని అలాగే అడగాలి. వంశవృక్షం బొమ్మలో మేనరికం పెళ్లికి జంట గీత గీయండి. తండ్రి వైపు వదలొద్దు, ఈ క్యాన్సర్ల ముప్పు పెంచే బీఆర్‌సీఏ1 జన్యువులోని మార్పు నాన్న నుంచీ వస్తుంది. 1990లో అమెరికా జన్యు శాస్త్రవేత్త మేరీ క్లెయిర్ కింగ్ ఆ జన్యువు జాడ 17వ క్రోమోజోమ్ మీద పట్టింది ఇలాంటి కుటుంబ వివరాలతోనే.

“గర్భసంచి తీసేశారు” అంటే అండాశయాలూ తీశారా, ఏ వయసులో అని తప్పకుండా రాయండి. తీసేసిన మనిషికి అండాశయ క్యాన్సర్ రాలేదంటే మార్పు లేదని కాదు. దయచేసి ఈ గడి ఖాళీగా తేవద్దు.

జబ్బు వచ్చినవాళ్లు ఉంటే ముందు వాళ్ల శాంపిలే. ఊదారంగు మూత ఈడీటీఏ (రక్తం గడ్డకట్టకుండా చేసే రసాయనం) ట్యూబులో 3 మి.లీ. తీసి, మెల్లగా 8–10 సార్లు తలకిందులు చేయండి. తిప్పకపోతే గడ్డకడుతుంది, గట్టిగా ఊపితే కణాలు పగులుతాయి. పచ్చమూత ట్యూబు వద్దు, అందులోని హెపారిన్ పీసీఆర్‌ని (ల్యాబులో డీఎన్‌ఏ కాపీలు తీసే పద్ధతిని) అడ్డుకుంటుంది. ఐసు నేరుగా ట్యూబుకి తగలనివ్వకండి. ఈ ఎండల్లో బండి డిక్కీలో అసలే పెట్టొద్దు.