గవ్వ దాగిన అక్షరాలు

చిన్నా,

చైనాలో డాక్టరీ చదువుతున్న నువ్వు, చైనీస్ అక్షరాలు ఎంత బట్టీ పట్టినా బుర్రకెక్కడం లేదనీ, వార్డులోకి వెళ్తే రోగులతో ఎలా మాట్లాడాలో అనీ ఫోన్‌లో ఒకటే గొణిగావు. హిస్టరీ టీచర్‌కి కొడుకువయ్యావు కాబట్టి ఇది చదవక తప్పదు. ఒక్క అక్షరమే చెప్తాను: బెయ్. అంటే గవ్వ.

చైనాను షాంగ్ వంశపు రాజులు ఏలిన కాలంలో, మూడు వేల ఏళ్ల కిందట, తాబేలు డిప్పల మీదా ఎద్దు జబ్బ ఎముకల మీదా చెక్కిన బెయ్ అచ్చంగా నోరు తెరిచిన గవ్వే. కంచు పాత్రల మీద దానికి కాళ్లు మొలిచాయి. పోనుపోను నిలువు పెట్టె, లోపల రెండు అడ్డగీతలు, కింద రెండు కాళ్లు మిగిలాయి. 1956 నాటి లిపి సరళీకరణతో పెట్టె ఖాళీ అయింది. ఇప్పుడు నువ్వు రాసేది నాలుగే గీతలు.

ఆ రోజుల్లో గవ్వంటే సంపద. అన్‌యాంగ్‌లో 1976లో తవ్విన షాంగ్ రాణి ఫూ హావ్ సమాధిలో 6,800కి పైగా గవ్వలు దొరికాయి. హ-చున్ అనే కంచు పాత్ర మీద, దాన్ని చేయించినవాడికి రాజు 30 పంగ్‌ల గవ్వలు బహూకరించాడని రాసుంది. పంగ్ అంటే గవ్వల దండల జత. నువ్వు రోజూ స్నేహితుణ్ని పిలిచే 'పంగ్‌యౌ'లో ఉన్నది ఆ అక్షరమే! తర్వాతి కాలపు ఛిన్ వంశపు పాలకులు గవ్వల్ని ఆపేసి నాణేలు తెచ్చారని షూ షన్ అనే పండితుడు క్రీ.శ. 100 ప్రాంతంలో తన నిఘంటువులో రాశాడు. చెలామణీ పోయినా లిపిలో గవ్వ ఉండిపోయింది.

ఇక నీ వైద్యం సంగతి. రక్తహీనతను 'పిన్‌షుయె' అంటారు కదా, అందులో పిన్ అంటే పేదరికం. ఆ అక్షరంలో పైన పంచడం అనే గుర్తు, కింద గవ్వ. ఉన్న గవ్వలు పంచేస్తే మిగిలేది అదేగా! రక్తం విషపూరితమయ్యే సెప్టిసీమియా జబ్బు చైనీస్ పేరులోని మొదటి అక్షరంలో కర్ర పట్టిన చెయ్యి గవ్వను బాదుతుంది. చెడిపోవడం, ఓడిపోవడం దాని అర్థాలు. కొనడం, అమ్మడం అక్షరాల్లో మాత్రం సరళీకరణ గవ్వను మింగేసింది. అక్కడ వెతకకు.

దొంగ గవ్వలూ ఉన్నాయి, జాగ్రత్త. సిబ్బంది అని చెప్పే 'యువాన్', నియమం అనే 'జ', రెండింట్లోనూ కనిపించేది నిజానికి గవ్వ కాదు, మూడు కాళ్ల కంచు వంటపాత్ర. రాసేవాళ్ల చేతుల్లో అరిగి అరిగి గవ్వలా తయారైంది. నాకు నచ్చేవి ఇలాంటివే.

ఆసుపత్రి బిల్లు కౌంటర్ బోర్డు మీద 'షౌఫెయ్' అని ఉంటుందిగా, ఆ ఫెయ్ కింద చూడు, అసలైన గవ్వే. ఫెయ్ అంటే గుర్తొచ్చింది, నీ సెమిస్టర్ ఫీజు నాన్న ఎల్లుండి పంపిస్తారట.

అమ్మ