కాగితం మీది లేఅవుట్

సంపాదకులకు నమస్కారం.

మొన్న ఆదివారం మీ పత్రికలో ఇళ్ల స్థలాల ప్రకటన ఒకటి చూశాను. ‘లేఅవుట్’ అన్న మాట అరచేయంత ఉంది. రెరా (స్థిరాస్తి నియంత్రణ సంస్థ) నమోదు నంబరు కోసం మాత్రం భూతద్దం తీయవలసి వచ్చింది.

బెంగళూరులో ఈ మాట లేకుండా చిరునామా చెప్పడం కష్టం. హెచ్‌ఎస్‌ఆర్ అంటే హోసూరు–సర్జాపూర్ రోడ్డు, బీటీఎం అంటే బైరసంద్ర, తావరెకెరె, మడివాళ. రెంటికీ చివర లేఅవుట్. కన్నడంలో ‘బడావణె’ అనే చక్కటి మాట ఉన్నా పలికేవారు తక్కువ. ఊళ్లో వెంచర్, ప్లాటు అనే మనవాళ్లు కూడా ఇక్కడికి వచ్చిన ఆరు నెలలకే లేఅవుట్, సైటు అంటారు.

తెలుగులో ‘లే’ అంటే లేవమని. ఇంగ్లీషులో అదే ‘లే’ పడుకోబెట్టడం, పరచడం. దానికి ‘అవుట్’ చేర్చి, శవాన్ని అంత్యక్రియలకు సిద్ధం చేయడాన్ని చెప్పారు, డబ్బు ఖర్చు పెట్టడాన్నీ చెప్పారు. ముక్కలు తిరగేస్తే బడ్జెట్ రోజుల్లో వినిపించే ‘అవుట్‌లే’, అంటే వ్యయం. రెండూ అతుక్కుని నామవాచకంగా వాడుకలోకి వచ్చింది 19వ శతాబ్దపు అమెరికాలో. అక్కడ ఫారో అనే జూదంలో బల్ల మీద పరిచే, పదమూడు పేకముక్కల బొమ్మలున్న గుడ్డను లేఅవుట్ అనేవారు. పందెం డబ్బు ఆ బొమ్మల మీద పెట్టాలి. పత్రిక పేజీ లేఅవుట్, కీబోర్డు లేఅవుట్ మీకు తెలియనివి కావు.

మా తోడల్లుడు డబ్బు పెట్టింది కూడా బొమ్మ మీదే. బెంగళూరు దగ్గరి హొసకోటె అవతల స్థలం. రంగుల కరపత్రంలో నలభై అడుగుల రోడ్లు, పార్కు, పిల్లల ఉయ్యాల. వెళ్లి చూస్తే రాగిచేలో నాలుగు హద్దురాళ్లు. పత్రాల్లో అది ఇప్పటికీ వ్యవసాయ భూమే, కాబట్టి బ్యాంకు అప్పు ఇవ్వనంది. “లేఅవుట్ అన్నారు కదా!” అంటాడు ఆయన, ఆ మాటే ఏదో అనుమతి పత్రమైనట్టు. అమ్మినవాళ్లు అబద్ధం చెప్పారని కూడా అనలేం. గీతలు గీసి చూపినా లేఅవుటే మరి.

మొత్తం స్థలం 500 చదరపు మీటర్లు దాటితే ఇలాంటి లేఅవుట్‌ను రెరాలో నమోదు చేయకుండా అందులోని ప్లాట్లు అమ్మకూడదనీ, ఆ నంబరునూ ఆ సంస్థ వెబ్‌సైటునూ ప్రకటనలో చూపాలనీ 2016 నాటి రియల్ ఎస్టేట్ చట్టం చెబుతోంది. అక్షరాలు ఎంత ఉండాలో ప్రకటన తెచ్చినవారికి మీరే చెప్పవచ్చు: ‘లేఅవుట్’ ఎంతుంటే నంబరూ అంత. నమోదు కావలసి ఉండీ నంబరు లేని చోట ఆ మాట తీసేసి ‘పొలం’ అని వేయమనండి. ప్రకటనల విభాగానికి ఇది రుచించదని తెలుసు. అయినా ఒక్క ఆదివారం వేసి చూడండి.

ఇట్లు,
ఒక పాఠకుడు,
హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్, బెంగళూరు