తెమడ డబ్బాలో టీబీనొక్కదాన్నే వెతుకుతున్నాం: ఆరోగ్య శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి నమస్కారం.

నేను ల్యాబ్ టెక్నీషియన్ని. తెమడలో ఇటుక రంగు జీర కనబడితే మా అందరికీ ముందు తట్టేది టీబీయే. అందులో తప్పు లేదు. పరీక్షలో టీబీ క్రిమి దొరక్కపోయినా, ఎక్స్‌రేలో మచ్చ చూసి ఆ మందులే మొదలుపెట్టడం ఉంది. నెలల తరబడి మింగినా దగ్గు తగ్గని మనిషిని "ఎప్పుడైనా పచ్చి పీత తిన్నారా?" అని అడిగేవాళ్లు ఎందరండీ?

ఊపిరితిత్తుల్లో కాపురం పెట్టే పారగోనిమస్ అనే పురుగు ఒకటుంది. నీళ్లలో ముందు నత్తను, తర్వాత మంచినీటి పీతనో, రొయ్యలాంటి క్రేఫిష్‌నో పట్టుకుంటుంది. పీతను సరిగా ఉడకనివ్వకుండా తింటే, దాని పిల్ల మన పేగును తొలుచుకుని, పొట్టలోంచి పైకి పాకి ఊపిరితిత్తుల్లోకి చేరుతుంది. గుడ్లు పెట్టడానికి రెండు మూడు నెలలు పడుతుంది. ఇక దగ్గు ముదిరేసరికి ఆ పీత ఎవరికి గుర్తుంటుంది? పురుగు మాత్రం 20 ఏళ్లయినా బతకగలదు. దారి తప్పి మెదడుకెక్కితే మూర్ఛలే.

తెమడలో బయటికొచ్చే ఆ గుడ్డును చూడటానికి పెద్ద యంత్రాలేమీ అక్కర్లేదు, మైక్రోస్కోప్ చాలు. స్లైడ్ మీద తెమడ చుక్క, దానిపైన కవర్‌స్లిప్ అనే పల్చటి గాజు ముక్క. గుడ్డుది బంగారు గోధుమ రంగు, ఒక కొసన చిన్న మూత, పొడవు సుమారు 80 నుంచి 120 మైక్రాన్లు (మైక్రానంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). టీబీ క్రిమి పక్కన పెడితే ఏనుగే! ఒక్కసారికే దొరక్కపోవచ్చు, రెండు మూడు రోజుల తెమడ చూడాలి. దొరికితే ప్రాజిక్వాంటెల్ అనే పురుగుల మందు రెండు మూడు రోజులు వాడితే చాలావరకు నయమవుతుంది. అది ఆస్పత్రుల్లో ఎప్పుడూ నిల్వ ఉండేలా చూడండి.

ప్రచారం గురించి ఒక మాట. "పచ్చివి తినకండి" అని పోస్టరేస్తే సరిపోదు. ఉప్పులోనో వెనిగర్‌లోనో సారాలోనో ఊరబెట్టినవాళ్లు తాము పచ్చిది తింటున్నామనుకోరు. ఊరబెట్టినంత మాత్రాన పురుగు చస్తుందన్న నమ్మకం లేదు, నిప్పు మీద లోపలిదాకా ఉడకాల్సిందే. పీత కోసిన కత్తితో, చెక్కతో కూడా ప్రమాదమే.

నేను అడిగేది ఒక్క లైను. తెమడ పరీక్ష కాగితం మీద పేరు, వయసు, దగ్గు ఎన్నాళ్ల నుంచి అని రాస్తాం. దాని కింద "పచ్చి లేదా ఊరబెట్టిన పీత తిన్నారా?" అని అచ్చు వేయించండి. అవునని ఉన్న ప్రతి డబ్బాలోనూ గుడ్ల కోసం ఇంకో స్లైడ్ చూడమని ఉత్తర్వు ఇవ్వండి.

ఇట్లు,
ఒక ల్యాబ్ టెక్నీషియన్