ఫిర్యాదు: పాడైన మాడ్యూల్ మార్చరు, టికెట్లు మాత్రం మూసేస్తారు

కస్టమర్ సర్వీస్ విభాగాధిపతి గారికి,

విషయం: వారంటీలో ఉన్న సర్వర్‌లో రెయిడ్ కార్డు (పలు డిస్కులను ఒకటిగా నడిపే కార్డు) క్యాష్ (తాత్కాలిక మెమరీ) రక్షణ మాడ్యూల్ పనిచేయకపోవడం, దానిపై మీ సపోర్టు విభాగం వ్యవహరిస్తున్న తీరు

అయ్యా,

వస్తువు అన్నాక పాడవుతుంది. కొత్త సర్వర్‌లో చిన్న భాగం ఒకటి చెడిపోయి వచ్చిందని నేనీ ఉత్తరం రాయడం లేదు. చెడిపోయింది ఏమిటో మీ కార్డే లాగులో, అంటే జరిగినవన్నీ నమోదు చేసే చిట్టాలో, రాసి ఇస్తోంది. ఆ లాగు తెరిచి చదివే మనిషే మీ సపోర్టులో దొరకలేదు. పంపిన ప్రతిసారీ అందిందన్నారు, తర్వాత ఫోనెత్తినవారు మళ్లీ మొదటి నుంచి పంపమన్నారు. నా కోపమంతా దాని మీదే.

రాజమహేంద్రవరంలోని మా గ్రంథాలయ ట్రస్టు పాత తెలుగు పత్రికలను, తాళపత్రాలను స్కాన్ చేసి భద్రపరుస్తోంది. ఎ4 పేజీని 600 డీపీఐలో (అంగుళానికి 600 చుక్కలతో) రంగుల్లో తీస్తే, కుదించని టిఫ్ ఫైలు ఒక్కొక్కటి 100 ఎంబీ దాటుతుంది. దాని వెంట క్యాటలాగ్ డేటాబేస్‌లో చిన్న చిన్న రాతలు లెక్కలేనన్ని పడతాయి. అందుకే 8 టీబీ డిస్కులు ఎనిమిది, రెయిడ్ 6 (రెండు డిస్కులు పోయినా డేటా నిలిచే అమరిక), 2 జీబీ క్యాష్ ఉన్న కార్డు కావాలని ఏరికోరి తీసుకున్నాం. ఆ క్యాష్ కోసమే ఖరీదైన కార్డుకు డబ్బు పోశాం. ఇప్పుడు మాకు లేనిది అదే.

సంగతి మీ విభాగానికి ఎన్నోసార్లు చెప్పాను, మీకూ చెబుతాను. సర్వర్ పంపిన డేటాను కార్డు ముందు తన క్యాష్‌లోకి తీసుకుని ఓఎస్‌కు (ఆపరేటింగ్ సిస్టమ్‌కు) "అయిపోయింది" అని చెప్పేస్తుంది. తర్వాత దాన్ని వరసలో పేర్చి డిస్కులకు పంపుతుంది. ఇది రైట్ బ్యాక్. మధ్యలో కరెంటు పోతే, మాడ్యూల్‌లోని కెపాసిటర్ తనలో దాచుకున్న చార్జితో క్యాష్‌లో ఉన్నదంతా ఫ్లాష్‌లోకి దించుతుంది. ఆ కెపాసిటర్ సరిగా లేదని తెలిసిన మరుక్షణం కార్డు తనంతట తానే రైట్ త్రూకు మారుతుంది, అంటే డేటా డిస్కు మీద పడ్డాకే అయిందని చెబుతుంది. మా కార్డు చేస్తున్నది అదే, అది సరైన పని కూడా. పెట్టిన పాలసీ రైట్ బ్యాక్, నడుస్తున్నది రైట్ త్రూ, మాడ్యూల్ స్థితి ఫెయిల్డ్, కెపాసిటెన్స్ ఉండవలసిన కనీసం కంటే తక్కువ. ఈ నాలుగు ముక్కలూ మీకు పంపిన స్క్రీన్‌షాట్‌లో ఉన్నాయి.

మీ వాళ్లకు అనుమానం రాకూడదని లెక్క కూడా కట్టి పంపాను. 7200 ఆర్‌పీఎం డిస్కు ఒకటి సెకనుకు దాదాపు 75 రాండమ్ పనులు చేయగలదు, ఎనిమిదీ కలిస్తే 600. రెయిడ్ 6లో ఒక చిన్న రాతకు డిస్కుల మీద ఆరు పనులు పడతాయి: పాత డేటాను, రెండు పారిటీలను (డిస్కు పోతే డేటాను తిరిగి రాబట్టే లెక్కలను) చదవాలి, మళ్లీ ఆ మూడింటినీ కొత్తగా రాయాలి. 600ను ఆరుతో భాగిస్తే 100. 4 కేబీ రాండమ్ రైట్ పరీక్షలో మాకు వస్తున్నది ఆ వంద చుట్టుపక్కలే. అంటే డిస్కులు వాటి పని అవి చేస్తున్నాయి, కేబుళ్లు, బ్యాక్‌ప్లేన్ (డిస్కులు గుచ్చే బోర్డు) బాగానే ఉన్నాయి, క్యాష్ ఒక్కటే పక్కకు తప్పుకుంది. ఇదంతా నా మొదటి మెయిల్‌లోనే ఉంది.

దానికి మొదట వచ్చిన జవాబు: సర్వర్ రీస్టార్ట్ చేసి చూడండి.

తర్వాతి ఏజెంట్ బ్యాక్‌గ్రౌండ్ ఇనిషియలైజేషన్ నడుస్తోందేమో అన్నారు. అది అడగదగిన ప్రశ్నే. ఫాస్ట్ ఇనిషియలైజ్ చేసిన (పైపైన సిద్ధం చేసి వెంటనే వాడకానికి ఇచ్చిన) అరేలో, అంటే డిస్కుల కూటమిలో, పారిటీ లెక్కలు వెనకాల సాగుతుంటాయి, కొన్ని కార్డుల్లో దాని రేటు డిఫాల్టుగా 30 శాతం ఉంటుంది, అన్నాళ్లూ వేగం తగ్గుతుంది. కానీ మా దగ్గర అది పూర్తయినట్టు తేదీ, గంటతో సహా లాగులో ఉంది. ఆ వరస ఏదో చదివి వినిపించాక కూడా, పూర్తయ్యే దాకా ఆగమని మెయిల్ పెట్టారు. ఇంకొకరు 48 టీబీ రావలసిన చోట 43.6 చూపిస్తోంది కాబట్టి డిస్కు పోయి ఉంటుందన్నారు. ఎనిమిదిలో రెండు పారిటీకి పోతే మిగిలేది 48 టీబీ. 1024తో లెక్కకట్టే ఓఎస్ దాన్ని 43.6గానే చూపిస్తుంది. స్టోరేజ్ సపోర్టులో కూర్చున్న మనిషికి ఈ సంగతి నేను ఫోన్లో నేర్పవలసి వచ్చింది.

ఆ తర్వాత డిస్కులు మీ ఆమోదిత జాబితాలో లేవన్నారు. అవి మీ గోడౌన్‌లో మీ వాళ్లే బిగించి, మీ లేబుల్ అంటించి, మీ ఇన్వాయిస్‌లో రాసి పంపిన డిస్కులు. ఇన్వాయిస్ పంపితే ఆ మాట వదిలేసి ఫర్మ్‌వేర్ (కార్డు లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చేయమన్నారు. అదీ చేశాం. లెర్న్ సైకిల్‌ను కూడా మేమే నడిపించాం, అంటే కార్డు మాడ్యూల్ సామర్థ్యాన్ని కొలుచుకునే పరీక్ష. మళ్లీ ఫెయిల్. ఆ రిపోర్టు కూడా మీ టికెట్‌లో పడి ఉంది.

మీ సీనియర్ టీమ్ ఇచ్చిన సలహా మాత్రం ప్రమాదకరం. మాడ్యూల్ సంగతి పట్టించుకోకుండా "ఆల్వేస్ రైట్ బ్యాక్" పెట్టుకోండి, స్పీడ్ వచ్చేస్తుంది అన్నారు. స్పీడ్ వస్తుంది, నిజమే. పగిలిన హెల్మెట్ మార్చమంటే అది తీసేసి ఇంకా జోరుగా పొమ్మన్నట్టుంది ఈ మాట. డిస్కు చేరిందని ఫైల్ సిస్టమ్ నమ్మిన రాతలు 2 జీబీ దాకా గాలిలో ఉంటాయి. అవి పోతే చివరి స్కాన్ ఒక్కటే పోదు, జర్నల్ (ఫైల్ సిస్టమ్ తన మార్పులు రాసుకునే చిట్టా) దెబ్బతిని మొత్తం వాల్యూమే మౌంట్ కాకపోవచ్చు. యూపీఎస్ ఉంది కదా అన్నారు. యూపీఎస్ వీధిలో కరెంటు పోతే కాపాడుతుంది. సర్వర్ లోపల పవర్ బోర్డు కాలిపోతే కాపాడదు, ఎవరైనా పొరపాటున పవర్ కేబుల్ లాగేసినా కాపాడదు. ఈ సలహాను మీ కంపెనీ లెటర్‌హెడ్ మీద రాసివ్వమని అడిగాను. ఆ మెయిల్‌కు ఇవాళ్టికీ జవాబు లేదు.

చివరికి ఫీల్డ్ ఇంజనీర్‌ను పంపారు. ఆయన మీద నాకే ఫిర్యాదూ లేదు, చేతికిచ్చిన డబ్బా తెచ్చారు. డబ్బాలో ఉన్నది వెనకటి తరం కార్డులకు వాడే లిథియం బ్యాటరీ. సర్వర్ మూత తీసి చూపించాను: గాలిని మళ్లించే నల్ల ప్లాస్టిక్ తొడుగుకు కెపాసిటర్ బిగించి ఉంది, అక్కడి నుంచి సన్నటి కేబుల్ కార్డు దాకా వస్తోంది. ఆయన బ్యాటరీ వైరు కొసను కార్డు మీది సాకెట్ పక్కన పెట్టి చూశారు. పిన్నుల వరసే వేరు. కావలసిన పార్టు నంబరు టికెట్ మొదటి పంక్తిలోనే రాశాను. దాన్ని చూడకుండా పార్టు పంపించిన వారెవరో మీరే తేల్చాలి.

మరోసారి వచ్చినప్పుడు మాడ్యూల్ బదులు కార్డు తెచ్చి మార్చారు. కొత్త కార్డు పాత డిస్కులను చూసి "ఫారిన్ కాన్ఫిగరేషన్" అంది, అంటే వేరే కార్డు కట్టిన అమరిక అని; కార్డు మారితే అలా అనడం మామూలే. అప్పుడు చాట్‌లో ఉన్న మీ ఏజెంట్ "క్లియర్" నొక్కమని రాశారు. క్లియర్ అంటే ఏ డిస్కు ఏ స్థానంలో ఉందో, స్ట్రైప్ (ఒక్కో డిస్కుకు పంచే ముక్క) ఎంతో, రెయిడ్ ఏదో తెలిపే వివరాలను చెరిపేయడం. అది నొక్కి, ఆపైన కొత్త అరే కట్టి ఇనిషియలైజ్ చేస్తే మా స్కాన్లన్నీ గంగలో కలిసేవి. నొక్కవలసింది "ఇంపోర్ట్", అదీ ప్రివ్యూలో ఎనిమిది డిస్కులూ కనిపిస్తున్నాయని చూసుకున్నాకే. మేం అలాగే చేశాం, అరే ఆప్టిమల్‌గా (లోపమేమీ లేకుండా) లేచింది. తెలియని వారి చేతిలో ఇదే సలహా పడితే ఏమయ్యేదో మీరు ఆలోచించాలి. ఆ చాట్ కాపీ ఈ లేఖకు జతచేశాను.

కార్డు మారింది, మాడ్యూల్ మారలేదు, తెరమీద అదే ఫెయిల్డ్. తప్పు మాడ్యూల్‌దేనని ఇంతకంటే ఎలా రుజువు చేయాలి? ఆ రుజువు రాసి పంపాక మీ వైపు నుంచి వచ్చింది ఒకే మెయిల్: "కస్టమర్ నుంచి స్పందన లేనందున టికెట్ మూసివేయడమైనది." మా మెయిల్ అందినట్టు మీ సిస్టమే పంపిన రశీదు నా దగ్గర ఉంది. టికెట్ తిరిగి తెరవమంటే కుదరదన్నారు. కొత్త టికెట్ వేస్తే, కొత్త ఏజెంట్, మళ్లీ రీస్టార్ట్ చేయమన్నారు.

మేం మీకు కొత్తవాళ్లం కాము. మా స్కానింగ్ గదిలో కంప్యూటర్లు మీవే, పాత ఫైల్ సర్వర్ మీదే. జిల్లాలో మరికొన్ని గ్రంథాలయాలు ఏ కంపెనీ కొనాలని అడిగితే మీ పేరే చెప్పాను, సర్వీసు బాగుంటుందని హామీ ఇచ్చాను. ఆ మాట ఇప్పుడు నేను వెనక్కి తీసుకోవలసి వస్తోంది. చందాలిచ్చినవారి డబ్బుతో కొన్న యంత్రం ఇది, ట్రస్టు సభ్యులకు జవాబు చెప్పవలసింది నేను.

సరైన పార్టు నంబరు గల కొత్త కెపాసిటర్ మాడ్యూల్, కేబుల్‌తో సహా పంపండి. అది బిగించి, లెర్న్ సైకిల్ పాసై, నడుస్తున్న పాలసీ రైట్ బ్యాక్ అని తెరమీద కనిపించే వరకు మీ ఇంజనీర్ ఇక్కడే ఉండాలి. టికెట్ మూయడానికి మా సంతకం తీసుకోవాలి. యంత్రం సరిగా నడవని కాలమంతా వారంటీకి కలపాలి. ఆల్వేస్ రైట్ బ్యాక్, క్లియర్ అనే సలహాలు తప్పని లిఖితపూర్వకంగా ఒప్పుకుని, వాటిని మీ ఏజెంట్లు చదివి వినిపించే కాగితాల్లోంచి తీసేయాలి.

ఈ లేఖ అందిన 15 రోజుల్లో ఇది జరగకపోతే 1915 జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు నమోదు చేసి, మా జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళతాం. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మేముండే చోటే కేసు వేయవచ్చు, మీ హెడ్డాఫీసు ఉన్న ఊరికి రానక్కర్లేదు. మాది లాభాపేక్ష లేని సంస్థ, వ్యాపారం కోసం కొన్నారనే వాదన మా మీద చెల్లదు. లాగులు, చాట్ కాపీలు, మూసేసిన టికెట్ల మెయిళ్లు అన్నీ తేదీల వారీగా ఫైలు కట్టి ఉన్నాయి. రెండో సర్వర్ కోసం మీరిచ్చిన కొటేషన్‌ను ఈ రోజు నుంచి ఆపేస్తున్నాం.

ఇట్లు,
సిస్టమ్స్ విభాగం బాధ్యులు,
గ్రంథాలయ ట్రస్టు, రాజమహేంద్రవరం

జతచేసినవి: కార్డు లాగు, పాలసీ స్క్రీన్‌షాట్, రైట్ పరీక్ష ఫలితాలు, ఇన్వాయిస్ నకలు, చాట్ కాపీ, టికెట్ మూసివేత మెయిళ్లు