పేర్లు నమోదు చేసి వదిలేస్తే చదువు సాగదు

సంపాదకులకు,

కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ వేదిక ‘స్వయం’లో వీడియో పాఠాలతో సాగే కోర్సుల్లో చేరిన విద్యార్థులు మధ్యలోనే మానేస్తున్నారనీ, ఈ తరానికి చదువు మీద శ్రద్ధ లేదనీ అధ్యాపకుల గదుల్లో తరచూ వింటున్నాను. విశాఖలో డిగ్రీ విద్యార్థులకు స్టాటిస్టిక్స్ బోధిస్తున్న నేను ఈ మాట ఒప్పుకోను.

2021 నాటి యూజీసీ నిబంధనల ప్రకారం ఒక సెమిస్టర్‌లోని కోర్సుల్లో 40 శాతం దాకా స్వయం ద్వారా చదవవచ్చు. మంచి అవకాశమే. మా కళాశాలలో మాత్రం పేర్లు నమోదు చేయించడంతో మా పని అయిపోతోంది. టైంటేబుల్‌లో ఆ కోర్సుకు ఒక్క పీరియడ్ లేదు. అనకాపల్లి నుంచి రోజూ రైల్లో వచ్చి వెళ్లే అమ్మాయి, సాయంత్రాలు జగదాంబ కూడలిలో బట్టల దుకాణంలో పనిచేసే అబ్బాయి ఆ వీడియోలు ఎప్పుడు చూడాలి? అర్థం కాకపోతే చర్చా వేదికలో ఇంగ్లీషులో అడగాలి. తప్పు రాస్తే అందరూ చూస్తారని జంకు. చివరికి అసైన్‌మెంట్ జవాబులు వాట్సాప్ గ్రూపులో తిరుగుతాయి. స్వయంలో ఐఐటీలు నడిపే ఎన్‌పీటెల్ కోర్సుల్లో అసైన్‌మెంట్లకు 25 మార్కులు, కేంద్రానికి వెళ్లి రాసే పరీక్షకు 75. అరువు జవాబులు ఆ 25 దగ్గరే ఆగిపోతాయి. పరీక్ష ఫీజు గడువు వచ్చేసరికి పిల్లలు భయపడి వెనక్కి తగ్గుతారు. దీన్ని బద్ధకం అనడం అన్యాయం.

గత సెమిస్టర్‌లో శనివారాలు కంప్యూటర్ ల్యాబ్ తెరిపించి, సంభావ్యత పాఠాలు వాళ్లతో కలిసి చూశాను. మధ్యమధ్య వీడియో ఆపి తెలుగులో మాట్లాడుకునేవాళ్లం. కొత్త సమాచారం తెలిశాక సంభావ్యతను ఎలా సవరించాలో చెప్పే బేయస్ సిద్ధాంతం దగ్గర ఒక అబ్బాయి లేచాడు. రక్తపరీక్షలో రోగం ఉందని వచ్చినా, లేకపోయే అవకాశమే ఎక్కువ ఎలా అవుతుందని పట్టుబట్టాడు. వెయ్యి మందిలో 10 మందికే రోగం ఉందనీ, పరీక్ష ఎవరి విషయంలోనైనా నూటికి 90 సార్లు సరిగ్గా చెబుతుందనీ అనుకుని బోర్డు మీద లెక్క వేశాం. రోగం ఉన్నవారిలో 9 మంది, లేనివారిలో 99 మంది ‘ఉంది’ జాబితాలోకి వచ్చారు. ఆ రెండు అంకెలు చూశాక మొదలైన వాదన ల్యాబ్ మూసే వేళ దాటినా ఆగలేదు. ఫోను తీసినవారు లేరు. రోజూ తరగతిలో నోరు విప్పని అమ్మాయిలు కూడా లెక్కను మార్చి మార్చి వేయమన్నారు.

ప్రతి స్వయం కోర్సుకూ వారానికి రెండు పీరియడ్లు టైంటేబుల్‌లో పెట్టాలి. పక్కన కూర్చునే అధ్యాపకుడికి ఆ గంటలను బోధన కిందే లెక్కించాలి. వచ్చే సెమిస్టర్ టైంటేబుల్ తయారయ్యేలోగా ఆంధ్ర విశ్వవిద్యాలయం తన అనుబంధ కళాశాలలకు ఈ మేరకు ఆదేశాలివ్వాలని కోరుతున్నాను.

– ఒక డిగ్రీ అధ్యాపకురాలు, మద్దిలపాలెం, విశాఖపట్నం