2024-25 వార్షిక నివేదిక: ఒకే షీటు మానేసిన ఏడాది

సభ్యులందరికీ నమస్కారం. మన పరుగు క్లబ్బు సర్వసభ్య సమావేశంలో కార్యదర్శి నివేదిక చదవాలి కాబట్టి రాస్తున్నాను గానీ, ఈసారి చెప్పుకోవడానికి నిజంగానే ఒక విషయం ఉంది.

ముందు కృతజ్ఞతలు. చెక్క పెట్టెలు పైసా తీసుకోకుండా చేసిచ్చిన పటమట వడ్రంగి మేస్త్రి గారికి, ఆటోనగర్‌లో తిరిగి తిరిగి పాత టైరు, తాడు సంపాదించిన కోశాధికారి గారికి, పొద్దున్నే రాగిజావ కాచి పంపిన తల్లులకి, పిల్లల మోకాళ్లు చూసిపెట్టిన ఫిజియో గారికి. ఎవరినైనా మర్చిపోతే కోప్పడకండి.

నిరుడు దాకా మన దగ్గర పరుగు నేర్చుకునే వాళ్లందరికీ ఒకటే షీటు, అంటే ఏ కసరత్తులు చేయాలో రాసిన కాగితం. పన్నెండేళ్ల పాపకీ, పంతొమ్మిదేళ్ల కుర్రాడికీ అవే జంపులు, అవే స్క్వాట్లు. ఆ షీటు టైప్ చేసింది నేనే, కాబట్టి తప్పులో నాకూ వాటా ఉంది.

జూన్‌లో ఒక ఆదివారం కోచ్ గారు అందరికీ టెస్టు పెట్టారు. నిలబడి 30 మీటర్లు, పరుగు అందుకున్నాక 30 మీటర్లు, నిలువు జంపు, 30 సెంటీమీటర్ల పెట్టె మీంచి దిగి వెంటనే ఎగరడం. ఇద్దరు కుర్రాళ్లున్నారు, వంద మీటర్లలో ఎప్పుడూ దాదాపు ఒకటే టైము, అందుకే ఇద్దరినీ ఒక జత కింద లెక్కేసేవాళ్లం. తీరా చూస్తే ఒకడు మొదటి పది మీటర్లలోనే వెనకపడి అరవై దాటాక అందుకుంటున్నాడు, రెండోవాడు బాణంలా లేచి అక్కడే ఆగిపోతున్నాడు. ఫోన్‌లో స్లో మోషన్ పెట్టి చూశాం. మొదటివాడు పెట్టె దిగితే బంతి పడినట్టు పైకి లేచాడు. రెండోవాడి మడమలు నేలకి తగిలాయి, మోకాళ్లు కుంగాయి, ఆ తర్వాత గానీ లేవలేదు. మంచి స్ప్రింటరు ఫుల్ స్పీడులో ఉన్నప్పుడు పాదం నేల మీద ఉండేది సెకనులో పదో వంతు, ఎంత బలమున్నా ఆలోపు బయటికి రాకపోతే ఏం లాభం?

అందుకని మొదటివాడికి బరువు స్క్వాట్లు, టైరు కట్టుకుని చిన్న చిన్న పరుగులు. రెండోవాడికి బరువులు తగ్గించి, పొట్టి హర్డిల్స్ మీద గెంతులు, పరుగు అందుకున్నాక 20 మీటర్ల స్ప్రింట్లు, మడమ తగలకుండా దిగేదాకా పెట్టె ఎత్తు కూడా తగ్గించారు. ఆగస్టులో మళ్లీ చూస్తే మొదటివాడి స్టార్టు బాగా మారింది. రెండోవాడికి మడమలైతే తగలడం లేదు గానీ టైము ఇంకా పెద్దగా కదల్లేదు, ఉన్నమాట చెప్పాలి కదా.

ఇంకో అమ్మాయి ఏడాదిలో గబగబా పొడుగైంది, మోకాలి కింద నొప్పి. తనకి గెంతులు బాగా తగ్గించాం. వాళ్లమ్మ గారు వచ్చి "మా పాపని పక్కన పెట్టేశారా?" అని అడిగారు. పక్కన పెట్టలేదమ్మా, ఎముకలు పెరిగే టైములో గెంతులు ఎక్కువైతే ఆ నొప్పి ముదురుతుంది. ఫీజు కట్టించుకుని పిల్లల్ని కూర్చోబెడుతున్నారని ఇంకొందరి ఫిర్యాదు. 30 మీటర్లు ఫుల్ స్పీడులో పరిగెత్తాక మూడు నిమిషాలు కూర్చోవాలండీ. కూర్చోకుండా పరిగెత్తిస్తే అది ఆయాసానికి ట్రైనింగ్, స్పీడుకి కాదు. అందరికీ జ్యోతి యర్రాజీలా హర్డిల్స్‌లో ఆసియా స్వర్ణం కావాలి, 2023లో ఆవిడ తెచ్చిన దగ్గర్నుంచీ ఇదే మాట, మూడు నిమిషాల ఓపిక మాత్రం ఉండదు.

సెప్టెంబరులో బుడమేరు వరద. సింగ్‌నగర్ పిల్లలు చాలా రోజులు రాలేకపోయారు. వచ్చాక వాళ్లని మిగతావాళ్ల పక్కన నిలబెట్టకుండా తక్కువ బరువు, తక్కువ గెంతులతో మళ్లీ మొదలుపెట్టాం. ఒకే షీటు రోజులైతే మొదటి వారమే పిక్కలు పట్టేసేవి.

జమాఖర్చులు చివరి పేజీలో ఉన్నాయి, ఆడిటర్ గారి సంతకం ఉంది, కొంచెం లోటు కూడా ఉంది.

టెస్టు రోజు వాచీలు పట్టడానికి వస్తామన్న కమిటీ సభ్యులు ఐదుగురు, వచ్చింది ఇద్దరు. మూడో వాచీ పట్టింది మా ఆవిడ, ఆవిడకి సభ్యత్వం కూడా లేదు. ఇక గ్రౌండు సంగతి. ఎగ్జిబిషన్‌కి ఇచ్చారు, గుంజల కోసం తవ్విన గుంతలు పూడ్చలేదు, అర్జీ పట్టుకుని వెళ్తే సారు మీటింగులో ఉన్నారు, మూడుసార్లూ మీటింగే. చివరికి పిల్లలూ నేనూ తట్టలతో మట్టి మోశాం.

తర్వాతి టెస్టు జూన్ మొదటి ఆదివారం. ఐదున్నరకి మొదలు, ఎండ ఎక్కకముందే అయిపోవాలి. వాచీ పట్టేవాళ్లు నలుగురు కావాలి, వస్తే చాలు, ఊరికే పేరు రాయించుకోవద్దు.

ఇట్లు,
కార్యదర్శి, విజయవాడ